ఆరు నెలల సర్టిఫికెట్‌కి తొందరపడకండి

ప్రశ్న: మా చిన్నమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు రాలేదు. పెద్దమ్మాయికి ఇప్పుడు ఎనిమిదో నెల. అక్క రిపోర్టులు చూసీ చూసీ ఇది బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేస్తానంటోంది. మా మరిదేమో, ల్యాబ్ టెక్నీషియన్ అంటే సంబంధాలు కూడా రావు, గర్భస్థ శిశువుల జన్యు పరీక్షల మీద ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేయిస్తే ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంతో చేసే జన్యు పరీక్ష) ల్యాబుల్లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నాడు. ఏది మేలు?
- ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీరు అడిగింది రెండు కోర్సుల గురించే. కానీ మీ ఉత్తరం నిండా ఉన్నది పిల్ల డాక్టర్ కాలేదన్న దిగులు. నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న కోర్సు పేరు మార్చుకుని నా దగ్గరికి వస్తుంది. ఆ దిగులు మీది, అమ్మాయిది కాదు. తనకేం కావాలో తను చెప్పేసింది.

మరిదిగారు చెప్పే ఎన్‌ఐపీటీ మంచి పరీక్షే. పదో వారం దాటాక తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్‌ఏను చూస్తుంది. అయితే రక్తం ఊరూరా తీసుకున్నా, పరీక్ష జరిగేది పెద్ద నగరాల్లోని కొద్ది ల్యాబుల్లోనే. అక్కడ మిషన్ దగ్గర కూర్చోబెట్టేది ఎక్కువగా ఎమ్మెస్సీ చేసి, మాలిక్యులర్ (డీఎన్‌ఏ పరీక్షల) పనిలో చెయ్యి తిరిగినవాళ్లనే. గర్భస్థ పరీక్షలు చేసే జెనెటిక్ ల్యాబులో టెక్నీషియన్‌కి ఏం అర్హత ఉండాలో 1996 నాటి పీఎన్‌డీటీ (గర్భస్థ పరీక్షల చట్టం) నిబంధనలే చెప్పాయి: జీవశాస్త్రాల్లో బీఎస్సీ, లేదా మెడికల్ ల్యాబ్ కోర్సులో డిగ్రీ లేక డిప్లొమా, దానిపైన కనీసం ఏడాది అనుభవం. ఆరు నెలల సర్టిఫికెట్ మాట అందులో లేదు. ఇంటర్ పిల్లకి దాన్ని అమ్మేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది.

ఒక్క పరీక్షను నమ్ముకోవడంలో ఇంకో చిక్కుంది: పరీక్షలు పాతబడిపోతాయి. 1971లో ఉమ్మనీటిలో లెసిథిన్, స్ఫింగోమైలిన్ అనే కొవ్వుల నిష్పత్తి చూసి బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యాయో లేదో చెప్పే పద్ధతి వచ్చింది. 2 దాటితే ధైర్యం. అప్పట్లో అదే గొప్ప. ఇప్పుడు దాన్ని అడిగే డాక్టర్ అరుదు. అంతకుముందు రోజంతా మూత్రం పట్టి ఈస్ట్రియాల్ అనే హార్మోన్ చూసేవాళ్లు, అదీ పోయింది. వాటి స్థానంలో స్కానింగులు, బిడ్డ గుండె చప్పుడు చూసే ఎన్‌ఎస్‌టీ వచ్చాయి.

పోనిది రోజువారీ ల్యాబ్ పని. తల్లిది నెగెటివ్ గ్రూప్ అయితే బిడ్డ రక్తానికి హాని చేసే యాంటీబాడీలు తల్లి రక్తంలో ఉన్నాయేమో చూసే ఇండైరెక్ట్ కూంబ్స్ పరీక్ష కావాలి. నెలలు నిండేవేళ అరచేతులు, అరికాళ్లు దురద పెడితే రక్తంలో బైల్ యాసిడ్స్ (పిత్తరసంలోని ఆమ్లాలు) చూడాలి. అవి లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే బిడ్డకు ముప్పు పెరుగుతుంది, కాన్పు ముందుకు జరపాలా అని డాక్టర్ ఆలోచిస్తారు. బీపీ పెరిగితే ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైములు, మూత్రంలో ప్రొటీన్. రక్తం తీసి ట్యూబును సరిగ్గా కలపకపోతే సన్నటి గడ్డలు కట్టి, ప్లేట్‌లెట్లు లేనట్టే మిషన్ చూపిస్తుంది. అప్పుడు స్లైడ్ వేసి కళ్లతో చూసే టెక్నీషియనే దిక్కు. అర్ధరాత్రి సిజేరియన్‌కి వెళ్లాలా వద్దా అన్నప్పుడు డాక్టరమ్మ ఎదురుచూసేది ఆ రిపోర్టు కాగితం కోసమే. అది మీకు చిన్న ఉద్యోగంగా కనిపించడం నాకు నచ్చలేదమ్మా. రేపు మీ పెద్దమ్మాయి కాన్పుకీ అలాంటివాళ్లే కావాలి.

మొదట్లో జీతం తక్కువ, నైట్ డ్యూటీలుంటాయి. అది దాచను. కానీ కాన్పుల ఆస్పత్రి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ పని ఉంటుంది. జెనెటిక్స్ మీద మనసుంటే డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు, అప్పటికి ఇష్టం నిజమో కాదో తనకే తేలుతుంది. సంబంధాల సంగతి ఇప్పుడెందుకు? పిల్లకింకా ఇంటర్ మార్కుల మెమో కూడా చేతికొచ్చిందో లేదో!

కాలేజీకి వెళ్లినప్పుడు రెండు విషయాలు అడగండి: హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉందా, ప్రసూతి వార్డున్న ఆస్పత్రి ల్యాబులో పోస్టింగ్ ఇస్తారా. ఆ గ్యారంటీ ఉద్యోగం మాటను కాగితం మీద రాసిమ్మని ఆ ఆరు నెలల కోర్సు నడిపే సంస్థని మరిదిగారినే అడగమనండి.