అమ్మ వేషం ఒప్పుకునే ముందు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. రెండోసారి మాటల కోసం కాదు, నీ గొంతు కోసం. "పెద్దమ్మా, నాకు ముప్పయ్యారు, హీరోకి నలభై. ఆయనకి అమ్మగా వెయ్యమంటున్నారు. ఒప్పుకుంటే ఇక జన్మంతా అమ్మేనా?" అని అడిగావు చూడు, అక్కడ నీ గొంతు వణికింది. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేను చెప్పాల్సింది మరిచిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందుగా, ఇది అన్యాయమే. మగవాడికి యాభై దాటినా డ్యూయెట్లుంటాయి, ఆడదానికి ముప్పయ్యయిదు రాగానే చేతికి హారతి పళ్ళెం ఇస్తారు. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, పెద్దగా మారింది లేదు. నేను తెల్లవిగ్గు మొదటిసారి పెట్టుకున్నది ముప్పై ఒకటో ఏట. ఆ రోజు మేకప్ రూములో అద్దం వైపు చూడకుండా లేచి వచ్చేశాను. కాబట్టి "అదేం పెద్ద విషయం కాదులే" అని నీతో అనను.

అయితే ఆ విగ్గు కిందే గొప్ప గొప్ప జీవితాలు నడిచాయి. గుమ్మడి గారు 1927లో పుట్టారు. అక్కినేని నాగేశ్వరరావు గారిది 1924. 1955లో వచ్చిన 'అర్ధాంగి'లో గుమ్మడి గారు నాగేశ్వరరావు గారికి తండ్రి. తండ్రి కొడుకు కంటే దాదాపు మూడేళ్ళు చిన్న! ఆ సినిమా చూస్తూ ఎవరైనా ఆ లెక్క వేసుకున్నారా? ఎస్వీ రంగారావు గారు 1974లో పోయేనాటికి ఆయనకి 56 ఏళ్ళే. మన కళ్ళకి మాత్రం ఆయనెప్పుడూ ఇంటికి పెద్ద. వయసు వాళ్ళ ముఖాల్లో లేదు. కూర్చునే తీరులో ఉంది, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడంలో ఉంది. నీకు మేకప్ మేన్ వేసే వయసు నాలుగు తెల్ల వెంట్రుకలే. మిగతాది నువ్వు తెచ్చుకోవాలి.

జన్మంతా అమ్మేనా అంటే, బహుశా అవును. నీకు అబద్ధం చెప్పను. కానీ అమ్మలో ఎన్ని రకాలో చూడు. సూర్యకాంతం గారు వేసింది చాలావరకు గయ్యాళి అత్తే, సవతి తల్లే. 1962లో రామారావు గారు, నాగేశ్వరరావు గారు ఇద్దరూ ఉన్న సినిమాకి 'గుండమ్మ కథ' అని ఆవిడ పాత్ర పేరే పెట్టారు. సూర్యకాంతం అన్న పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడమే జనం మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సెట్లో మాత్రం ఆవిడ మెత్తని మనిషని, పదిమందికీ తినడానికి తెచ్చి పెట్టేదని పాతవాళ్ళంతా అంటారు. ముద్ర పడుతుందని నువ్వు భయపడుతున్నావు. ముద్ర పడకపోతే అసలు పిలిచేదెవరు? కథ రాసుకునేటప్పుడు రైటర్‌కి ఫలానా వేషానికి నీ ముఖం గుర్తు రావాలి. అలా గుర్తొచ్చాక, అదే అత్తని ప్రతిసారీ కొత్త మనిషిగా చేయడం మన పని. దానికి ఒక జీవితం చాలదు.

ఇప్పుడు అసలు విషయం. వందల సినిమాలు చేసినవాళ్ళని చూసి అదృష్టం అంటారు, టాలెంట్ అంటారు. నేను దగ్గరగా చూసింది ఒక్కటే. వాళ్ళని ఒకసారి పిలిచినవాళ్ళు మళ్ళీ పిలిచారు. మొదటి పిలుపు ఎవరికైనా వస్తుంది, తెలిసినవాళ్ళ మాట మీదో, ముఖం సరిపోయిందనో. రెండో పిలుపు మాత్రం నువ్వు సెట్లో ఉన్న ఆ రెండు రోజుల్లోనే తేలుతుంది. దాన్ని తేల్చేది డైరెక్టర్ ఒక్కడే కాదు. కో-డైరెక్టర్, కెమెరామెన్, కాస్ట్యూమర్, ప్రొడక్షన్ మేనేజర్, వీళ్ళంతా రేపు వేరే సినిమాల్లో ఉంటారు. "ఆ అమ్మ వేషానికి ఎవరు?" అని అక్కడ మాటొచ్చినప్పుడు నీ పేరు చెప్పాల్సింది వాళ్ళు.

అందుకని సీన్ పేపరు ముందురోజు రాత్రే అడిగి తెప్పించుకో. ఇవ్వరు, చివరిదాకా మారుస్తారు, అయినా అడుగు. పేపరు చేతికొచ్చాక నీ మాటలకంటే ముందు ఎదుటివాళ్ళ మాటలు చదువు. ప్రాంప్టింగ్‌కి, అంటే పక్కనుంచి మాట అందించడానికి, మాత్రం అలవాటు పడకు. అసిస్టెంట్ డైరెక్టర్ అలా అందిస్తుంటే చెప్పే ఆర్టిస్టుని చూడు, చెవి అటు వెళ్ళిపోతుంది, కళ్ళు ఖాళీ అవుతాయి. డబ్బింగ్‌లో మాట దిద్దుకోవచ్చు, కళ్ళని దిద్దలేం. ఈ ఓటీటీ వాళ్ళు ఇప్పుడు సింక్ సౌండ్ అంటున్నారు, సెట్లో చెప్పిన మాటనే రికార్డ్ చేస్తారు, అక్కడ ప్రాంప్టింగ్ అసలు కుదరదు.

క్యారెక్టర్ ఆర్టిస్టు పని వినడం, అమ్మలూ. డైలాగ్ హీరోది, పాట హీరోది, క్లైమాక్స్ హీరోది. మనకి మిగిలేది ఆయన మాట్లాడుతున్నప్పటి మన ముఖం. అక్కడే నువ్వు బతికి ఉండాలి. ముఖ్యంగా ఆయన క్లోజప్ తీసేటప్పుడు. నీ సజెషన్ (ఆయన షాట్‌లో నీ భుజమో వీపో కనపడే ముక్క) అయిపోగానే "మీరు వెళ్ళి కూర్చోండి మేడమ్, క్యూ మేం ఇస్తాం" అంటారు. వెళ్ళకు. కెమెరా పక్కన, ఆయన చూపు నిలపడానికి వాళ్ళు మార్క్ చేసిన చోట నిలబడి, నువ్వు కెమెరా ముందున్నట్టే నీ మాటలు పూర్తిగా చెప్పు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగాలంటే ఆయనకి కనపడాల్సింది అమ్మ, ప్యాడ్ పట్టుకున్న కుర్రాడు కాదు. నాకు వచ్చిన వేషాల్లో ఎన్నో ఇలా నిలబడ్డందుకు వచ్చినవే. ఆ షాట్లలో నేను తెర మీద లేనే లేను.

ఏడుపు గురించి కాస్త ఎక్కువ రాయనివ్వు. అమ్మ వేషమంటే సగం రోజులు గ్లిజరినే. మొదట్లో నేనూ ఏడుపంటే గొంతు పెంచడమనే అనుకున్నాను. పరిషత్తు నాటకాల నుంచి వచ్చినదాన్ని, చివరి వరసదాకా వినపడాలన్న అలవాటు నాది. ఒకసారి మా ఊళ్ళో ఎదిగిన కొడుకు శవం ఇంటికొచ్చింది. వాళ్ళమ్మ అరుగు మీద కూర్చుని, మోసుకొచ్చిన కుర్రాళ్ళ వంక చూసి, "పొద్దుటినుంచి ఏమన్నా తిన్నార్రా?" అని అడిగింది. మామూలుగా, రోజూ అడిగినట్టే. వాళ్ళు గొల్లుమన్నారు. ఆవిడ ఏడవలేదు. ఆ మాట పదేళ్ళు నాలోనే ఉంది. తర్వాత ఒక సినిమాలో అలాంటి సీనే వస్తే, రిహార్సల్లో డైరెక్టర్‌ని అడిగి, పేపర్లో ఉన్న మూడు వాక్యాలకి బదులు ఆ ఒక్క ముక్క అన్నాను. లైట్ బాయ్స్ తలలు తిప్పుకున్నారు. ఇది నా గొప్ప అని చెప్పడం లేదు, ఆ మాట ఆ తల్లిది. నువ్వూ చావింట్లో, ఆసుపత్రి వరండాలో, బస్సులో మనుషుల్ని చూడు. కన్నీళ్ళు వచ్చేవాళ్ళ కంటే ఆపుకునేవాళ్ళని ఎక్కువ చూడు.

చూడటం అంటే 'మాయాబజార్' గుర్తొచ్చింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్న సీన్లలో సావిత్రి గారు రంగారావు గారి నడక, చూపు, తల ఎగరేయడం తన ఒంట్లోకి తెచ్చుకున్నారు. చూడగానే లోపల ఉన్నదెవరో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోయింది. ఆవిడ అంత బాగా పట్టుకోగలిగారంటే, పట్టుకోదగ్గ నడక ఆయన ముందే కట్టుకున్నారన్నమాట. నీ పాత్రకి డైలాగ్ కంటే ముందు ఒక నడక వెతుకు. కొంగు ఏ భుజం మీద, చెయ్యి ఎక్కడ ఆనుతుంది, కూర్చుని లేవడానికి ఏది పట్టుకుంటుంది. ఒకటి ఖాయం చేసుకున్నాక కంటిన్యూటీ, అంటే షాట్‌కీ షాట్‌కీ అది మారకుండా ఉండటం, మరిచిపోకు. గ్లాసు ఏ చేత్తో తీసుకున్నావో అసిస్టెంట్లకి గుర్తుండకపోయినా నీకు గుర్తుండాలి.

యాస సంగతి. కోట శ్రీనివాసరావు గారు 1978లో తొలి సినిమా చేశారు. బ్యాంకు ఉద్యోగం, నాటకాలు నడుస్తూనే ఉన్నాయి. 1985లో 'ప్రతిఘటన'లో తెలంగాణ యాసలో మాట్లాడిన మంత్రి వేషంతో జనం ఆయన్ని పట్టుకున్నారు. మధ్యలో ఏడేళ్ళు! 2025 జూలైలో వెళ్ళిపోయేనాటికి ఏడువందల యాభై దాకా సినిమాలు. జయప్రకాశ్ రెడ్డి గారు లెక్కల మాస్టారు, సీమ యాసని తెర మీద నిలబెట్టారు. నీకు మీ నాన్నగారి వైపు శ్రీకాకుళం మాట వచ్చు కదా, దాన్ని సిటీ తెలుగు కింద దాచేస్తున్నావు. తీసి వాడు. మాండలికమంటే వెక్కిరింతగా రాసిన వేషాలు వస్తే మాత్రం వద్దను. అలాగే ముసలిదాని ఒంటి మీద జోకులేసే వేషాలు కూడా. నేను అలాంటివి రెండు చేశాను, ఇప్పుడు టీవీలో వస్తే చానల్ మారుస్తాను.

నీ డబ్బింగ్ నువ్వే చెప్పుకో. "టైం లేదు, వేరే గొంతు పెడతాం" అంటే అర్ధరాత్రయినా వస్తానని చెప్పు. గొంతు పోతే సగం పాత్ర పోయినట్టే.

కాల్షీట్ల దగ్గర, అంటే షూటింగ్‌కి డేట్లు ఇచ్చే దగ్గర, నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదు. ఒకసారి రెండు సినిమాలకి ఒకే రోజు ఇచ్చాను. ఒకటి హీరో కాంబినేషన్, అంటే హీరోతో కలిసి చేసే సీన్, ఇంకోటి నా ఒక్కదాని సీన్. రెండోవాళ్ళకి జ్వరమని కబురు పంపాను. మధ్యాహ్నానికల్లా వాళ్ళకి తెలిసిపోయింది, మేకప్ మేన్ల నోట మాట ఆగదు. వాళ్ళు తిట్టలేదు. ఏడేళ్ళు పిలవలేదు, అంతే. ముందురోజే ఫోన్ చేసి "ఇలా అయింది, నాదే తప్పు" అనుంటే సర్దుకునేవాళ్ళు. డేట్లు డైరీలో నీ చేత్తో రాసుకో, మేనేజర్ ఉన్నా సరే. హీరో కాంబినేషన్ రోజులు వేరే రంగుతో రాయి, అవి కదలవు.

డబ్బు. రోజుకింత అని మాట్లాడుకుంటే ఎన్ని రోజులో, మొత్తానికి మాట్లాడుకుంటే ఎన్ని రోజులు దాటితే అదనమో, మెసేజ్‌లో రాయించుకో. బ్యాలెన్స్ డబ్బింగ్‌కి ముందే అడుగు, తర్వాత అడిగితే ఫోన్లు ఎత్తరు. నాకు ఒక సంస్థ ఇచ్చిన చెక్కు మూడుసార్లు వెనక్కి వచ్చింది. అడగడం సిగ్గనుకుని వదిలేశాను, ఆ ఏడు మీ అన్నయ్య కాలేజీ ఫీజుకి గాజులు తాకట్టు పెట్టాను. చిత్తూరు నాగయ్య గారిని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. 'పోతన', 'త్యాగయ్య' అయిన మనిషి, దక్షిణాదిలో పద్మశ్రీ అందుకున్న తొలి నటుడు, అడిగినవాళ్ళకల్లా ఇచ్చి ఇచ్చి, 1973లో కన్నుమూసేనాటికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదు. మనసు ఆయనలా ఉండనీ, బ్యాంకు పాసుబుక్కు మాత్రం వేరేలా ఉండనీ. నీ ట్యూషన్లు ఇప్పుడే మానకు. అల్లు రామలింగయ్య గారు వెయ్యికి పైగా సినిమాలు చేస్తూ కూడా హోమియో వైద్యం వదల్లేదు. 'మా' (మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్) సభ్యత్వం కూడా వీలైనంత త్వరగా తీసుకో.

సీరియల్ గురించి అడిగావు. నెలనెలా డబ్బొస్తుంది, చెయ్యి. కానీ ఒక్కరోజులో అన్నన్ని సీన్లు లాగితే ముఖం మూడు భావాలకి అలవాటైపోతుంది, అది గమనించుకుంటూ ఉండు.

ఇంకొకటి, బాధపెట్టేదే అయినా చెప్పాలి. నీ సీన్లు కట్ అవుతాయి. పన్నెండు రోజులు చేసిన వేషం ఒకటి తెర మీద ఒక్క షాట్‌కి వచ్చింది. అమ్మని, మీ అమ్మని, వీధిలో అందరినీ తీసుకుని మొదటి రోజే వెళ్ళాను. ఇంటర్వెల్లో ఎవరూ నా వంక చూడలేదు. అప్పటినుంచి డబ్బింగ్‌కి వెళ్ళినప్పుడు ఏ రీళ్ళు ఉన్నాయో చూసుకున్నాకే ఇంట్లో చెబుతున్నాను. ఎడిటర్‌కి ఫోన్ చేసి అడగకు. ఆ సినిమా డైరెక్టరే రెండేళ్ళ తర్వాత నాకు మంచి వేషం ఇచ్చాడు, కట్ చేసింది ఆయనకి గుర్తుంది కాబట్టి.

కైకాల సత్యనారాయణ గారు 1959లో హీరోగానే వచ్చారు. ఆ సినిమా ఆడలేదు. అక్కడే పట్టుబట్టి కూర్చుని ఉంటే మనకి యముడు దొరికేవాడు కాదు, 1977లో 'యమగోల', మళ్ళీ 1994లో 'యమలీల'. నువ్వు నాలుగేళ్ళుగా హీరోయిన్ అక్క వేషం కోసం చూస్తున్నావు. ఆ తలుపు దగ్గరే నిలబడి ఉండకమ్మా.

ఒప్పుకో. సోమవారం షూటింగ్ అన్నావు, కొడుకు ఉద్యోగం పోయి ఇంటికొచ్చే సీన్ అన్నావు కదా. విగ్గు పెట్టాక నువ్వు అద్దం ముందు ఒక్క నిమిషం కూర్చో, నాలా లేచి రాకు. హీరో గారికి ముందుగానే నమస్కారం చేసి "ఒకసారి చదువుకుందామా బాబూ" అని అడుగు. బాబూ అని పిలవడం నోటికి రాకపోతే అప్పటికి ఇంకా అమ్మవి కాలేదన్నమాట, మేకప్ రూములో నాలుగుసార్లు అని చూసుకో. సీన్లో వాడు గుమ్మంలోకి రాగానే ముఖం చూడకు. చెప్పులు విడుస్తున్న కాళ్ళ వంక చూడు, తర్వాత ముఖం. రాత్రి పేకప్ అయ్యాక ఎంత ఆలస్యమైనా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ