శనివారం ఒక్కపొద్దు, ఎడమ కాలి ప్యాడ్

ఒరే అబ్బయ్యా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు నెల్లూరు నుంచి ఇక్కడ చెన్నైకి క్రికెట్ లీగ్ ఆడటానికి వస్తున్నావని చెప్పగానే మీ పెద్దమ్మ పెరంబూరు వీధంతా వినిపించేలా కేకేసింది. సంతోషంతో నాకూ నిద్ర పట్టలేదు. అయితే ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. మ్యాచ్ శనివారం పడితే మంచినీళ్లు కూడా ముట్టకుండా దిగుతున్నావట, ఒకసారి అలా దిగిన రోజు 67 కొట్టావని. పైగా మీవాళ్లు బాగా ఆడుతుంటే టెంటులో ఎవరినీ లేవనివ్వవట. ఆ మాటకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తాను. షూ రెండు జతలు తెచ్చుకో. ఇక్కడి చెమటకు గ్లవ్స్ నానిపోతాయి, ఒక్క జత చాలదు. హెల్మెట్ నీ సొంతది ఉండాలి. లోకల్ రైల్లో కిట్ బ్యాగ్ తలుపు దగ్గర పెట్టకు.

నమ్మకాలు ఉండకూడదని నేననను. సచిన్ ఎప్పుడూ ఎడమ ప్యాడే ముందు కట్టుకునేవాడు. స్టీవ్ వా జేబులో తాతగారిచ్చిన ఎర్ర గుడ్డ ఉండేది. మన శ్రీకాంత్ బ్యాటింగ్‌కి దిగుతూ తలెత్తి సూర్యుడిని చూసేవాడు, చేపాక్ గ్యాలరీలో కూర్చుని నేనూ చూశాను. నీ వంతు కోసం ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న ఆ గంట ఉందే, అదే అసలు కష్టం. చేతులు ఊరికే వణుకుతాయి. రోజూ చేసే పనే అదే వరుసలో చేస్తే టెన్షన్ కాస్త దిగుతుంది. అంతవరకు మంచిదే. నేనూ గార్డ్ తీసుకునే ముందు బ్యాటు పిడిని మూడుసార్లు తట్టేవాణ్ణి. కాకపోతే అదంతా వికెట్ పడకముందే అయిపోవాలి. 2023 ప్రపంచకప్‌లో ఢిల్లీలో శ్రీలంక మాథ్యూస్ హెల్మెట్ పట్టీ తెగి, గడువులోగా బంతి ఎదుర్కోడానికి సిద్ధం కాలేదని ఒక్క బంతీ ఆడకుండానే టైమ్డ్ అవుట్ అయ్యాడు. అక్కడ గడువు రెండు నిమిషాలు, మామూలు నిబంధనల్లో మూడు.

పాకిస్థాన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో కుంబ్లే పదికి పది వికెట్లు తీసిన సంగతి నీకు తెలుసు. 1999 ఫిబ్రవరి, అదే ఢిల్లీ. ప్రతి ఓవరుకూ ముందు కుంబ్లే టోపీ, స్వెటర్ సచినే తీసుకెళ్లి అంపైర్‌కి ఇచ్చేవాడు. వికెట్లు పడుతున్నాయి కాబట్టి మానలేదు. కానీ అంతకుముందు లంచ్ దాకా ఒక్క వికెట్టూ పడలేదు, ఆ తర్వాత కుంబ్లే బౌలింగ్ ఎండ్ మార్చుకున్నాడు. పనిచేసింది అది, స్వెటర్ కాదు. స్వెటర్ మోసినందువల్ల ఎవరికీ నష్టం రాలేదు, అందుకే ఆ కథ అందరం నవ్వుతూ చెప్పుకుంటాం. నాది అలా చెప్పుకునే కథ కాదు.

1984 మే నెల. ఇక్కడివాళ్లు అగ్ని నక్షత్రం అని భయపడే ఎండలు. నాకు 23 ఏళ్లు, చిన్న టోర్నమెంటులో కెప్టెన్ని. కొబ్బరిపీచు మ్యాటింగ్ పిచ్, నీడంటే ఒకే ఒక షామియానా. మాకు 141 కావాలి, 58కే ఆరుగురు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇద్దరు నిలబడ్డారు. నాలుగు ఓవర్లు వికెట్ పడలేదు. ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోండి, ఎవరూ కదలొద్దు అన్నాను.

మా కీపర్‌కి పదహారేళ్లు. పొద్దుటి నుంచి కీపింగ్ చేసి, బ్యాటింగ్ చేసి, అవుటై వచ్చి ప్యాడ్లు కూడా విప్పకుండా కూలబడ్డాడు. వాడు కూర్చున్న చోటికి నీడ అందదు. "అన్నా, నీళ్లు తాగొస్తాను" అన్నాడు. ఈ ఓవర్ కానీ అన్నాను. మళ్లీ అడిగాడు. కసిరాను. మూడోసారి అడగలేదు. మాట విన్నాడనుకున్నాను.

గెలుపు పరుగు కొట్టగానే అందరం లోపలికి పరిగెత్తాం. వాడు లేవలేదు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది, చెమట చుక్క లేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడు రోజులకు మనిషయ్యాడు. మొదటి రోజు సాయంత్రం వరండాలో వాళ్లమ్మ నన్ను అడిగింది, "వాడు నీళ్లు అడగలేదా బాబూ?" అని.

అడగలేదండీ అన్నాను.

ఆ అబద్ధం ఇన్నేళ్లలో మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు. నీకే రాస్తున్నాను. తర్వాతి మ్యాచ్‌లో మావాళ్లు వెతుక్కుని మరీ అవే చోట్లలో కూర్చున్నారు, గెలిపించిన చోట్లు కదా అని. వాడి చోటు మాత్రం ఖాళీగా ఉంచారు. నేను వాళ్లని ఏమీ అనలేకపోయాను, నేర్పింది నేనే కదా. ఆ కుర్రాడు మళ్లీ మాతో ఆడలేదు.

అందుకే కోపంగానే చెబుతున్నాను, వినరా. నీ ప్యాడ్ నీ ఇష్టం, నీ జేబులో ఏ గుడ్డ పెట్టుకున్నా నేను అడగను. ఇంకొకరిని కదలొద్దనే హక్కు నీకు లేదు. నీ ఒంటికి నీళ్లు వద్దనే హక్కూ లేదు. దాహం వేసేదాకా ఆగడం నెల్లూరులో సరిపోయిందేమో, సముద్రపు ఉక్కలో సరిపోదు.

ఒక్కపొద్దు స్వామి కోసమైతే మ్యాచ్ లేని శనివారాలు ఉండు. మీ నాయనమ్మ జీవితమంతా శనివారాలు ఉంది. జ్వరం వచ్చినప్పుడు మాత్రం తనే గంజి కలుపుకుని తాగేది. బిడ్డ ఎండలో ఎండిపోతే ఆయన సంతోషిస్తాడా అనేది. నువ్వు పుట్టిన రోజు కూడా శనివారమే. ఆసుపత్రి బయట కూర్చుని ఆవిడ ఇడ్లీ తిన్నది నేను చూశాను, నిన్ను ఎత్తుకోవడానికి చేతుల్లో సత్తువ ఉండాలని.

శుక్రవారం రాత్రికే ఇంటికి వచ్చెయ్. మీ పెద్దమ్మ ఉప్పు వేసిన మజ్జిగ రెండు సీసాలు పోసి పెడుతుంది, మొదటిది టాస్‌కి ముందే అయిపోవాలి. నేనూ గ్రౌండుకి వస్తాను. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నప్పుడు నీళ్లు పట్టుకుని నీ దగ్గరికి వస్తే, అందరి ముందూ ఏంటి పెదనాన్నా అని విసుక్కోకు.

మీ పెదనాన్న