మొదటి దెబ్బ గురించి శ్రావణికి

శ్రావణీ,

స్కూల్లో ఆడపిల్లలకి ఆత్మరక్షణ క్లాసు నీకే అప్పజెప్పారని మీ పిన్ని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. చాలా సంతోషం. నువ్వడిగింది ఫోన్‌లో తేలే విషయం కాదని ఇలా రాస్తున్నాను. “గోడ మీద ‘కరాటే ని సెంతే నాషి’ అని బోర్డు పెట్టి, దాని కిందే పిల్లలకి కొట్టడం నేర్పడమేంటి బాబాయ్?” అన్నావు కదా.

కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదు అని ఆ బోర్డు మీది మాటకి అర్థం. పాతకాలపు కరాటే గురువు ఫునకోషి గిచిన్ చెప్పిన ఇరవై సూత్రాల్లో ఇది రెండోది. మన దగ్గర చాలామంది మాస్టర్లు దీన్ని “వాడు కొట్టేదాకా ఆగు, తర్వాత నువ్వు కొట్టు” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వు మాత్రం అలా నేర్పకు. నలభై కేజీల పిల్ల, ఒళ్ళున్న మగవాడి చేతి దెబ్బ తిన్నాక లేచి నిలబడుతుందని ఏం నమ్మకం?

మనం నేర్చుకున్న కరాటే శైలి షితో-ర్యూకి మూలపురుషుడు మబుని కెన్వా. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో, షురిలో పుట్టాడు, అక్కడే పోలీసు ఉద్యోగం చేశాడు. తగాదాలంటే ఏంటో దగ్గర నుంచి చూసినవాడన్నమాట. ఆయన 1938లోనే ఈ సూత్రాన్ని జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారని రాశాడు. ఊరికే గొడవకి దిగకూడదు, నిజమే. కానీ ఎదుటివాడు హాని చేయడానికే వచ్చాడని తేలిపోయాక అది యుద్ధమే, వాడికంటే ముందు కదలడమే సబబు అంటాడు. ఒకినావాకే చెందిన ఇంకో కరాటే గురువు మొతోబు చోకిదీ ఇంచుమించు ఇదే మాట. అయితే ఆయన కుర్రతనంలో ఒకినావాలోని నాహా పట్నంలో, త్సుజి అనే పేట వీధుల్లో కోరి కోరి కయ్యాలు పెట్టుకుని తన చేతి సత్తా పరీక్షించుకున్న మనిషి. పిల్లలకి ఆయన కథలు మరీ ఎక్కువ చెప్పకు, మగపిల్లలు కిటికీల్లోంచి వింటారు.

అసలు మొదటి దెబ్బ చెయ్యి లేవక ముందే పడుతుంది. ఎగతాళికి ఎగతాళి, “ఏం చేస్తావ్ రా” అని ఛాతీ విరుచుకోవడం, పక్కకి జరిగితే పోయేదానికి పట్టుదలగా అక్కడే నిలబడటం, ఇవన్నీ మనం వేసే మొదటి దెబ్బలే. అక్కడ ఆగడం నేర్పు. ఒక్క జాగ్రత్త: దీన్ని పిల్లలు “నోరు మూసుకుని ఉండాలి” అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో ఆ పాఠం వాళ్ళకి ఎలాగూ రోజూ అందుతుంది. “దూరం జరుగు!” అని బస్సంతా వినబడేలా అరవడం తగువు పెట్టుకోవడం కిందికి రాదు, అది ఆత్మరక్షణే. మొదటి వారమంతా అరవడమే నేర్పినా నేనేమీ అనుకోను. సగం మందికి గొంతు పెగలదు, చూస్తావుగా.

ఫునకోషి ఆత్మకథలో ఒక ఉదంతం ఉంది. రాత్రి పూట అత్తవారింటికి వెళ్తున్నాడు, చేతిలో పూజగదిలో పెట్టడానికి కొన్న మంజూలు, అంటే అక్కడి తీపి బన్నులు. దారిలో ఇద్దరు దొంగలు అడ్డం పడ్డారు. వాళ్ళని మట్టి కరిపించగల సత్తా ఉండి కూడా, ఆ మంజూల పొట్లం వాళ్ళ చేతిలో పెట్టి తన దారిన పోయాడు. గురువులు ఇతోసు, అజతో ఇద్దరూ మెచ్చుకున్నారు. మరి నైవేద్యం ఏం పెట్టావని అజతో అడిగితే, మనసారా దండం పెట్టుకున్నానన్నాడు. ఇప్పుడిప్పుడే నీకు కరాటే అర్థమవుతోందన్నాడు ఆ గురువు.

ఈ ముక్క మీ పిల్లలకి తప్పకుండా చెప్పు. ఫోన్ అడిగితే ఇచ్చెయ్, గొలుసు అడిగితే ఇచ్చెయ్. కానీ బండెక్కమంటే, పక్క సందులోకి రమ్మంటే మాత్రం అది వేరే లెక్క. వస్తువుకైతే వదులుకోవడం, మనిషి జోలికొస్తే ఎదురు తిరగడం. ఈ గీత వాళ్ళ బుర్రలో ముందే పడి ఉండాలి, ఆ టెన్షన్‌లో నిలబడి ఎవరూ ఆలోచించలేరు.

కోపం సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. నీకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం కాబట్టి కూడా. ఒకినావా డోజోల్లో, అంటే కరాటే నేర్పే చోట్ల, తరచూ చెప్పుకునే నానుడి ఒకటుంది: కోపం పైకొస్తే చేతిని వెనక్కి లాక్కో, చెయ్యి పైకొస్తే కోపాన్ని వెనక్కి లాక్కో. ఇది ఇతోమన్ అనే జాలర్ల ఊరి కథలోది. జపాన్‌లోని సత్సుమా నుంచి వచ్చిన ఒక సమురాయ్ దగ్గర అక్కడి జాలరి అప్పు చేసి, తీర్చలేక దాక్కున్నాడు. సమురాయ్ వెతికి పట్టుకుని కత్తి దూస్తే ఈ మాట చెప్పి గడువడిగాడు. సరేనని సమురాయ్ స్వదేశం వెళ్ళాడు. ఇంట్లో భార్య పక్కన మగవాడెవరో పడుకుని ఉన్నాడు. కత్తి మీదికి చెయ్యి పోయింది. జాలరి మాట గుర్తొచ్చి ఆగి చూస్తే, అది తన తల్లే. ఒంటరి ఆడవాళ్ళున్న ఇల్లని ఎవరైనా చొరబడతారేమోనని మగవేషం వేసుకుంది. మరుసటేడు అతను ఇతోమన్ తిరిగొచ్చి, బాకీ డబ్బు తీసుకోనన్నాడు. ఇస్తానని జాలరి, వద్దని సమురాయ్. చివరికి ఆ సొమ్ము ఒక గుహ దగ్గర పాతిపెట్టారని, హకుగిన్‌దో గుడి అలా వెలిసిందని చెబుతారు.

ఇక నేర్పడం దగ్గరికొద్దాం. పోటీల కోసం నేర్చుకున్న ఎగిరి తన్నే తన్నులు పక్కన పెట్టు. మీద పడేవాడు రెండడుగుల దూరంలో నిలబడి సిగ్నల్ ఇచ్చి రాడు, జడ పట్టుకుంటాడు, చెయ్యి పట్టుకుని లాగుతాడు. కటాల్లో, అంటే ఒంటరిగా వరసగా చేసే కదలికల్లో, నైహాంచి తీసుకో. మొదట్లోనే కుడి అరచెయ్యి పక్కకి చాపి, వెంటనే ఎడమ మోచేతిని తెచ్చి ఆ అరచేతికే కొడతాం కదా? పిల్లలు అది చప్పుడు కోసమే అనుకుంటారు. ఆ అరచెయ్యి ఎదుటివాడి మెడ వెనక ఉందనుకో, మోచెయ్యి ఎక్కడ పడుతుందో నీకే తెలుస్తుంది. అలాగే నడుం దగ్గరికి లాక్కునే పిడికిలి ఖాళీగా రావడం లేదు, వాడి చొక్కానో మణికట్టునో పట్టుకుని వస్తోంది. ఇద్దరిద్దరిని జత కట్టి, ఒకరి చున్నీ ఇంకొకరికి పట్టించి చేయించు. కటా నడక ఎంత అందంగా ఉందో చూడకు, పట్టు విడిపించుకుని తలుపు దాకా పరిగెత్తిందా లేదా అదే చూడు. ఇతోసు 1908లో రాసిన పది సూత్రాల్లో, సాధన చేసేటప్పుడు యుద్ధరంగంలో ఉన్నంత తీవ్రంగా చేయాలన్నాడు. వారానికోసారైనా అలా చేయించు.

చట్టం గురించి ఒక్క క్లాసు పెట్టు, చాలు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకూ సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువే. కాపాడుకోవడానికి ఎంత కావాలో అంతే, అంతకు మించి హాని చేయకూడదు. కిందపడ్డవాణ్ణి ఇంకో తన్ను తన్నితే ఆ హక్కు అక్కడితో సరి. పడ్డాడా, పరుగు, 112కి ఫోన్.

వార్షికోత్సవానికి మీ హెడ్మాస్టారు పిల్లల చేత పెంకులు పగలగొట్టించమని అడుగుతారు. అందరూ అడుగుతారు. మెల్లగా తప్పించు. మరీ పట్టుబడితే నలుగురి చేత పినాన్ షోదాన్ కటా వేయించి, ఇద్దరి చేత ఆ చున్నీ విడిపించుకునేది చేయించు. వచ్చే ఆదివారం రాజమండ్రి వస్తున్నాను, కొట్టే ప్యాడ్‌లు రెండు పాతవి ఉన్నాయి, తెస్తాను. జిప్పు ఒకటి పోయింది, కుట్టించుకో.

బాబాయ్