జైగావ్ పోస్టింగా, గ్రూప్-1 కోచింగా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో గుమాస్తాను. మా బిడ్డకు 23 ఏళ్లు, ప్రభుత్వ రంగ బ్యాంకులో పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ భూటాన్ బార్డర్‌లోని జైగావ్‌లో ఇచ్చారు. భాష రాదు, మనవాళ్లు ఎవరూ లేరు. ఆడపిల్లను అంత దూరం పంపాలంటే టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం వద్దనుకుని హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్-1 కోచింగ్‌లో చేర్పిద్దామా? పెద్దబ్బాయి టెక్సస్‌లో ఉన్నాడు, ఖర్చుకు ఇబ్బంది లేదు.

జవాబు: బార్డర్ అనగానే మీకు టీవీలో చూసే కశ్మీర్ గుర్తొచ్చినట్టుంది. జైగావ్ పశ్చిమ బెంగాల్‌లోని అలీపుర్‌దువార్ జిల్లాలో ఉన్న వ్యాపారాల ఊరు. గేటు దాటితే అవతల భూటాన్ వాళ్ల ఫుంత్‌షోలింగ్, అక్కడ గడియారం మనకంటే అరగంట ముందుంటుంది. నేపాలీలు, బెంగాలీలు, మార్వాడీలు, బీహారీలు, సామాన్లు కొనడానికి వచ్చే భూటాన్ వాళ్లు, అందరిదీ ఒకే బజారు. భూటాన్ నోటు విలువ మన రూపాయితో సమానం. హిందీతో పని నడుస్తుంది. నేపాలీ కూడా దేవనాగరిలోనే రాస్తారు కాబట్టి ఆర్నెల్లలో అమ్మాయి బోర్డులు చదివేస్తుంది. తిండికి బెంగ లేదు, అన్నం తినే ప్రాంతమే. వానలే ఎక్కువ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా బట్టలు ఆరవు.

మీ ఊరి మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీలు తెలుగు ముక్క రాకుండానే వచ్చారు కదా. ఇప్పుడు సంతలో బేరం తెలుగులోనే ఆడుతున్నారు. మీ అమ్మాయి ఆఫీసర్‌గా వెళ్తోంది.

ఇక అశోక్‌నగర్ సంగతి మొహమాటం లేకుండా చెప్తాను. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో పడింది, 503 పోస్టులు. అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్, పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. చివరికి ఆ నోటిఫికేషనే పోయి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్తది వచ్చింది. ఆ కాలమంతా హాస్టల్ గదుల్లో గడిపిన పిల్లలు నాకు తెలుసు. చదువులో తక్కువవాళ్లు కాదు. ‘నోటిఫికేషన్ ఎప్పుడు’ అని చుట్టాలు అడుగుతారని దసరాకు కూడా ఇంటికి పోనివాళ్లున్నారు. ఏ ఉద్యోగమూ లేనివాళ్లు ఆ రిస్కు చేస్తే అర్థం చేసుకుంటాను. చేతికొచ్చినదాన్ని వదిలించి మరీ పంపడం నాకు మింగుడుపడదు. 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46. మీ అమ్మాయికి 23. తొందరేముంది? ప్రొబేషన్ అయ్యాక బ్యాంకు అనుమతితో రాసుకోనివ్వండి.

ఒక మాటంటే నొచ్చుకోకండి. అబ్బాయి సముద్రాలు దాటితే మీకు దూరం అనిపించలేదు. మిర్యాలగూడలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హౌరాలో దిగి, సియాల్దా స్టేషన్‌లో కాంచన్‌కన్య ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే హాసిమారా వస్తుంది, అక్కణ్నుంచి జైగావ్ దగ్గరే. అది మాత్రం దూరమైపోయింది! ఇంత రాశారు, అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ఇలాంటి ఉత్తరాలు ప్రతి బ్యాచ్‌కూ వస్తాయి. తీగ లాగితే చివరికి తేలేది పెళ్లి సంబంధాల బెంగే. పీవో అమ్మాయికి సంబంధాలు రావంటే నేను నమ్మను. పైగా బ్యాంకు ఆఫీసర్లకు బదిలీలు ఉండనే ఉంటాయి. పెళ్లయిన మహిళా ఉద్యోగుల్ని భర్త పనిచేసే చోట, పెళ్లికానివాళ్లను తల్లిదండ్రులకు దగ్గర్లో వీలైనంత వరకు వేయమని కేంద్ర ఆర్థిక శాఖ 2014లోనే ప్రభుత్వ రంగ బ్యాంకులకు సూచించింది. అది హామీ కాదు, కానీ దరఖాస్తు పెట్టుకోవడానికి ఆధారం.

అందుకని చేరనివ్వండి. బ్రాంచి మేనేజరుతో ముందుగా అమ్మాయినే మాట్లాడమనండి, ఫోన్ మీరు తీసుకోవద్దు. గది ఎక్కడ దొరుకుతుందో, బ్రాంచిలో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో తనే అడుగుతుంది. వెంట మీరూ వెళ్లి, నాలుగు రోజులుండి వచ్చేయండి. సాయంత్రం ఆరింటికి ఫోన్ ఎత్తలేదని గాబరా పడకండి, క్యాష్ లెక్క తేలేదాకా బ్యాంకులో ఎవరూ లేవరు. ఇంకోటి, గేటు దాటి భూటాన్‌లోకి వెళ్లాలంటే ఓటరు కార్డో పాస్‌పోర్టో కావాలి, ఆధార్ చాలదు. ఓటరు కార్డులో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో బయలుదేరేలోపే చూడండి.