జీడితోటలో పెట్టబోయే కరెంటు పెట్టె గురించి

పర్లాకిమిడి

చిన్నా,

మహేంద్రగిరి కింద తోటలో పాక వేసుకుని, పిక్కలు ఏరడం అయ్యేదాకా అక్కడే పడుకుంటావని మీ అమ్మ చెప్పింది. మగాడివయ్యావురా అనుకున్నాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

500 వాట్ అవర్ల పవర్ స్టేషన్, అదే కరెంటు దాచుకునే బ్యాటరీ పెట్టె, కొంటున్నావట. చేతికి 425 వస్తే గొప్ప, మిగతాది లోపలి ఇన్వర్టరే తినేస్తుంది. పక్కన 600 వాట్లు అని ఇంకో అంకె ఉంటుంది. ఒక్కసారిగా ఎంత బరువు మోస్తుందో అది చెబుతుంది, ఎంతసేపు మోస్తుందో చెప్పదు. నీళ్ల మోటారు జోలికి పోకు. సోలార్ ప్యానెల్ ఎండలో, పెట్టె నీడలో.

ఇక నా బుద్ధిలేనితనం విను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటింది, కరెంటు పోయింది. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. మనింట్లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) సీసం బ్యాటరీ. పన్నెండు వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. రెండ్రోజులకు ఢోకా లేదని మీ అమ్మ దగ్గర గొప్పలు పోయాను. సగానికి మించి వాడొద్దని మెకానిక్ అంతకుముందే చెప్పాడు, నేను వింటేనా! అదీ నాలుగేళ్ల పాతది. పగలంతా తలుపులేసుకుని రెండు ఫ్యాన్లు, వీధిలో వాళ్ల ఫోన్లన్నీ మనింట్లోనే ఛార్జింగు. రాత్రి అమ్మమ్మకి ఆయాసం వచ్చింది. మందుని పొగలా చేసి పీల్పించే నెబ్యులైజర్ పెట్టాం. రెండు నిమిషాలు బుసబుసమంది, ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. కప్పులో మందు సగం అలాగే ఉంది. మీ అమ్మ తెల్లారేదాకా తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉంది. నేను టార్చి పట్టుకుని ఆ కప్పువైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మమ్మ గట్టిది, గట్టెక్కింది. ఇప్పటికీ కీచుమన్న చప్పుడు ఎక్కడ విన్నా నాకు చేతులు చల్లబడతాయి.

పెట్టె మీద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అని రాసుంటేనే కొను. అది చాలావరకు ఖాళీ చేసినా ఓర్చుకుంటుంది. అలాగని చివరిదాకా పిండకురా వెధవా. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, ఎనిమిది గంటలకి 240. పది వాట్ల బల్బు ఐదు గంటలకి 50. ఫోన్లకి ఓ 30. తెల్లారేసరికి వంద మిగలాలి. జీడిపళ్ల వాసనకి ఎలుగులు వస్తాయి, ఆ వేళ నీకు లైటు లేకపోతే ఎలా? పనైపోగానే పెట్టె మీద ఇన్వర్టర్‌ని నడిపే ఏసీ బటన్ ఆపెయ్, ఏమీ తగిలించకపోయినా అది తింటూనే ఉంటుంది.

సంతకి వచ్చినప్పుడు ఇంటికి రా. నా దగ్గర వాట్ల మీటరు ఉంది, పట్టుకెళ్లు. అత్త నీకోసం కందిపొడి కొట్టి ఉంచింది.

మావయ్య