ముందు మానిటర్ సంగతి తేల్చండి

గేమింగ్ కంప్యూటర్‌ను సొంతంగా బిగించుకోవాలనుకునే పాఠకుల ప్రశ్నలు, వాటికి జవాబులు

ప్రశ్న: మానిటర్ కాకుండా 80 వేల రూపాయల్లో గేమింగ్ పీసీ కావాలంటే షాపులో ఈ కొటేషన్ రాసిచ్చారు: కోర్ ఐ7-12700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు, 16 జీబీ ర్యామ్ (ఒకే స్టిక్), 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె), ఆరు రంగుల ఫ్యాన్లున్న గాజు క్యాబినెట్. తీసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: వద్దు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకైతే కొంతవరకు పనికొస్తుందేమో గానీ, గేములకు మాత్రం ఇది తలకిందుల కొటేషన్.

తెర మీద కనిపించే ప్రతి ఫ్రేమునూ (కదిలే ఆటలోని ఒక్కో బొమ్మను) గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఆ ఫ్రేములో ఎవరు ఎటు కదలాలో, తూటా ఎక్కడ తగలాలో లెక్కగట్టి కార్డుకు అందించేది ప్రాసెసర్. ఈ రెంటిలో ఏది నెమ్మదైతే దాని వేగమే మీకు దక్కుతుంది. 12 కోర్ల ఐ7 ఎంత తొందరపడినా 3050 దాన్ని అందుకోలేదు. పైగా 3050 పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చిన 8 జీబీ కార్డు కంటే 2024లో వచ్చిన 6 జీబీ కార్డులో కోర్లు తక్కువ, మెమరీ దారి కూడా ఇరుకు. 70 వాట్లతోనే నడుస్తుంది కాబట్టి పాత ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకోవడానికి బాగుంటుంది. 80 వేల పీసీలో దానికి చోటు లేదు.

అసలు లెక్క మానిటర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. 1920×1080 తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలు, 2560×1440 తెర మీద సుమారు 36.9 లక్షల చుక్కలు ఉంటాయి. అంటే రెండో తెరకు కార్డు ప్రతి ఫ్రేములో దాదాపు 1.8 రెట్ల చుక్కలు గీయాలి. ప్రాసెసర్ పని మాత్రం పెద్దగా మారదు. మీరు ఏ తెర కొంటారో, దాని మీద ఏం ఆడతారో తేలితే కార్డు తేలుతుంది. కార్డు తేలితే ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ వాటంతటవే తేలతాయి. షాపులో మాత్రం ‘ఐ5 కావాలా, ఐ7 కావాలా’ అన్నదే మొదటి ప్రశ్న. వాళ్లకు అలవాటైపోయింది, మనకూ అలవాటైపోయింది.

మీ డబ్బుకు నేనైతే ఇలా రాస్తాను. మొత్తంలో 40 శాతం దాకా కార్డుకే. 1080 తెరకు ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ సరిపోతుంది. 1440 తెర ఉంటే, లేదా నాలుగేళ్ల దాకా కార్డు మార్చే ఉద్దేశం లేకపోతే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ. ఈ 9060 ఎక్స్‌టీ 8 జీబీలోనూ వస్తుంది, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ కూడా రెండు రకాలుగా వస్తుంది. కాబట్టి కొటేషన్‌లో జీబీ సంఖ్య రాయించుకోనిదే అడ్వాన్సు ఇవ్వొద్దు. కార్డు మెమరీ నిండిపోతే మిగిలిన బొమ్మల సరుకు ర్యామ్‌లోకి పోయి రావాల్సి వస్తుంది. సగటు ఫ్రేములు బాగానే కనిపిస్తాయి కానీ మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఆట సెట్టింగుల్లో టెక్స్‌చర్ క్వాలిటీ (వస్తువుల పైపూత వివరం) ఒక మెట్టు తగ్గిస్తే ఆ ఇబ్బంది పోతుంది. 8 జీబీ కార్డు కొనేవాళ్లు ఆ రాజీకి సిద్ధపడే కొనాలి.

ప్రాసెసర్‌గా ఐ5-12400ఎఫ్ లేదా రైజెన్ 5 7500ఎఫ్ చాలు. రెంటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి సెకనుకు 200 ఫ్రేములకు పైన ఆడాలనుకునేవాళ్లకు 7500ఎఫ్ మేలు, ఎందుకంటే ఆ ఆటల్లో భారం ప్రాసెసర్ మీదే పడుతుంది. ర్యామ్ 16 జీబీయే అయినా 8 జీబీ స్టిక్కులు రెండుగా తీసుకోండి. ఒక్క స్టిక్కు పెడితే మెమరీ దారుల్లో సగం ఖాళీగా పడి ఉంటుంది. ఇక గాజు ముఖం క్యాబినెట్ బదులు ముందువైపు జాలీ ఉన్నది అడగండి. రంగుల ఫ్యాన్ల వల్ల ఫ్రేములు పెరగవు. కరెంటు బిల్లు కూడా పెద్దగా పెరగదు, అదొక్కటే ఊరట.

ప్రశ్న: నా పాత కంప్యూటర్లో 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉంది. కొత్త పీసీకి అదే వాడుకోనా, డీడీఆర్5కు మారనా? రైజెన్ 5500, 5600, 5600జీల్లో ఏది మంచిది?
– గుంటూరు

జవాబు: 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి. ఏఐ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీ వైపు తయారీదారులు మొగ్గడమే దీనికి ప్రధాన కారణం. అంతకుముందు ‘కళ్లు మూసుకుని డీడీఆర్5కు పోండి’ అని చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు చేతిలో పనిచేసే డీడీఆర్4 జత ఉంటే దాన్ని వాడుకుని, మిగిలిన డబ్బు కార్డులో పెట్టడమే తెలివైన పని. మీవి రెండు 8 జీబీ స్టిక్కులై, వేగం 3200 అయితే ఇంకేం ఆలోచించకండి. 2400 వేగం స్టిక్కులైతే మాత్రం రైజెన్ పీసీలో కొంత వెనకబాటు తప్పదు.

మీరడిగిన మూడింటిలో 5600 ఒక్కటే తీసుకోండి. దానికి 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ), పీసీఐఈ 4.0 (ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ మధ్య దారి) ఉన్నాయి. 5500కూ 5600జీకీ క్యాష్ 16 ఎంబీయే, పీసీఐఈ కూడా 3.0 దగ్గరే ఆగింది. ఇది ఎక్కడ దెబ్బకొడుతుందంటే, ఆర్‌టీఎక్స్ 5060 లాంటి కార్డులు 16 లేన్లకు బదులు 8 లేన్లే వాడతాయి. పీసీఐఈ 3.0లో ఆ 8 లేన్ల దారి ఇంకా సన్నబడుతుంది. కార్డు మెమరీ నిండిన ఆటల్లో ఆ తేడా కళ్లకు కడుతుంది. మదర్‌బోర్డ్ కూడా బి550 తీసుకోండి. బి450, ఏ520 బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డుకు దక్కేది 3.0 మాత్రమే.

ఇలాంటి మాయే డీడీఆర్5 వైపు కూడా ఒకటుంది. రైజెన్ 5 8400ఎఫ్ సంఖ్య చూసి 7500ఎఫ్ కంటే గొప్పదనుకుంటారు. దాని ఎల్3 క్యాష్ 16 ఎంబీ, 7500ఎఫ్‌ది 32 ఎంబీ. గేముల్లో చిన్న సంఖ్యదే పైచేయి.

ఇంటెల్‌కు పోతే బి660, బి760 బోర్డులు డీడీఆర్4కు వేరు, డీడీఆర్5కు వేరు. ఒకదాని స్టిక్ ఇంకోదాని స్లాట్‌లో దిగదు, గాటు చోటే వేరు. పెట్టె మీద చూసి కొనండి.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్ మీద 500 వాట్లు అని రాసి ఉంటే చాలదా? మా ఊళ్లో కరెంటు తరచూ పోతుంది. ఇంట్లో 600 వీఏ యూపీఎస్ ఉంది. గేము ఆడుతుండగా కరెంటు పోతే యూపీఎస్ ఉన్నా పీసీ ఆగిపోతోంది.
– ఒంగోలు

జవాబు: పైన రాసిన వాట్లు కాదు, పక్కనున్న పట్టీ చదవండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల లైను మీదే బతుకుతాయి. పట్టీలో 12 వోల్టుల కింద 25 ఆంపియర్లు అని ఉంటే, 12ను 25తో గుణిస్తే 300 వాట్లు. పైన 500 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మీకు పనికొచ్చేది ఆ 300. ‘80 ప్లస్ బ్రాంజ్’ గుర్తున్న మంచి కంపెనీ 550 వాట్ల యూనిట్‌లో 12 వోల్టుల మీద దాదాపు మొత్తం వాట్లూ దొరుకుతాయి. ఈ ఒక్క వస్తువు దగ్గర వెయ్యి రూపాయలు మిగుల్చుకోబోతే, పోయేటప్పుడు బోర్డునో కార్డునో వెంటబెట్టుకుని పోతుంది.

ఇప్పుడు యూపీఎస్ లెక్క. ఆర్‌టీఎక్స్ 5060కి 145 వాట్లు. 65 వాట్ల రైజెన్ అయినా నిండు భారంలో 88 వాట్ల దాకా తీసుకుంటుంది. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకోండి. మొత్తం 283. ఎస్‌ఎంపీఎస్ లోపలి నష్టం 15 శాతం అనుకుంటే గోడ నుంచి లాగేది 333 వాట్లు. మానిటర్‌కు ఒక 30. మొత్తం 363. చాలా 600 వీఏ యూపీఎస్‌లు ఇవ్వగలిగేది 360 వాట్లే. అందుకే డెస్క్‌టాప్ మీద ఊరికే ఉన్నప్పుడు కరెంటు పోతే నిలబడుతుంది, గేములో పోతే పడిపోతుంది. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. వెనక పట్టీ మీద వాట్లు 600 దగ్గర ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఇచ్చేది నిజమైన సైన్ వేవ్ కాదు, మెట్లు మెట్లుగా ఉండే తరంగం. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని ఒప్పుకోక ఆగిపోతాయి. పెద్ద యూపీఎస్ పెట్టినా ఆగిపోతుంటే సైన్ వేవ్ యూపీఎస్ ఒక్కటే దారి. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, దాని మీద ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అందుకునేలోపే పీసీ రీస్టార్ట్ అవుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా ఊపిరి బిగబట్టగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే మరి.

క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిలజిలమంటుందా? ప్లగ్గులో ఎర్తింగ్ లేదని అర్థం. కంప్యూటర్ షాపుకు కాదు, ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉన్నట్టు కాదు.

ప్రశ్న: అన్నీ నేనే బిగించాను (రైజెన్ 5 7500ఎఫ్, బి650 బోర్డు, డీడీఆర్5). ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రావడం లేదు. బోర్డు పోయినట్టేనా?
– విశాఖపట్నం

జవాబు: కంగారు పడి విప్పొద్దు. ముందు పది నిమిషాలు అలాగే వదిలేయండి. ఏఎం5 (మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డులు తొలిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌కు తగిన సర్దుబాట్లు వెతుక్కుంటాయి. అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా తెర నల్లగానే ఉంటుంది. చాలామంది సరిగ్గా అప్పుడే పవర్ బటన్ నొక్కి, మళ్లీ మొదటికి తెచ్చుకుంటారు.

అయినా రాకపోతే కేబుల్ చూడండి. 7500ఎఫ్‌లో బొమ్మ చూపే చిప్ లేదు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డ్‌కు పెడితే ఎన్ని గంటలు చూసినా నలుపే. కింద అడ్డంగా ఉన్న కార్డుకు పెట్టాలి. తర్వాత బోర్డు ఎడమ పైమూలన ఉండే ప్రాసెసర్ పవర్ కేబుల్: నాలుగు పిన్నుల ముక్కలు రెండు కలిసి ఎనిమిది అయ్యేది. మరిచిపోయేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. ఫ్యాన్లు తిరగడానికి ఇది అక్కర్లేదు, అందుకే అంతా బాగున్నట్టు కనిపిస్తుంది.

నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కబెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. క్లిక్కుమనే దాకా నొక్కాలి, కొంచెం భయపెట్టేంత బలమే పడుతుంది. ఆ తర్వాత ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. చాలా బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ (విండోస్ ఉన్న డిస్కు) అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి ఆగిపోతే తప్పు అక్కడుంది. ఏదీ తేలకపోతే స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ వేయండి.

ప్రాసెసర్ ఎత్తి చూడటం ఆఖరి పని. ఏఎం5లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌కు ఉంటాయి. ఒక్కటి వంగినా వారంటీ ఇవ్వరు. అందుకే సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూతను పారేయకండి. రేపు బోర్డును సర్వీసుకు పంపాల్సి వస్తే ముందు అడిగేది దాన్నే.

ప్రశ్న: 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. మామూలు మానిటర్‌కూ దీనికీ నాకు తేడా తెలియడం లేదు.
– నల్గొండ

జవాబు: తేడా తెలియకపోవడం మీ కళ్ల తప్పు కాదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి చూడండి, తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే ఆ హెర్ట్జ్ సంఖ్య 60 అనే ఉండి ఉంటుంది. 165 ఎంచుకోండి. అక్కడ ఆ సంఖ్యే కనిపించకపోతే పాత హెచ్‌డీఎంఐ కేబుల్ తీసేసి, మానిటర్ పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వేయండి.

పనిలో పనిగా బయోస్‌లోకి (పీసీ ఆన్ అవుతుండగా తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగులు) వెళ్లి ఏఎండీ (రైజెన్) అయితే ఎక్స్‌పో, ఇంటెల్ అయితే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. లేదంటే 6000 వేగానికి డబ్బు కట్టి కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటుంది. విండోస్ 11లో వాలరెంట్ ఆడేవాళ్లు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు కూడా అక్కడే ఆన్ చేసుకోవాలి, లేకుంటే ఆట తెరుచుకోదు.

ప్రశ్న: విడిభాగాలు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ మార్కెట్‌లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా?
– మహబూబ్‌నగర్

జవాబు: మీరు పోయి రాగలిగిన దూరమే కాబట్టి, ఆన్‌లైన్ ధర ఫోనులో చూపించి సీటీసీలో నాలుగు షాపులు తిరగండి. కొటేషన్‌లో ప్రతి భాగానికీ పూర్తి మోడల్ పేరు ఉండాలి. ‘16 జీబీ ర్యామ్’, ‘1 టీబీ ఎస్‌ఎస్‌డీ’ అని రాస్తే ఒప్పుకోకండి. ఎస్‌ఎస్‌డీల్లో టీఎల్‌సీ రకం, క్యూఎల్‌సీ రకం ఉంటాయి. పెద్ద గేములు కాపీ చేసేటప్పుడు క్యూఎల్‌సీది కొంతసేపటికి వేగం దారుణంగా పడిపోతుంది. ప్రాసెసర్ బాక్స్‌తో వస్తోందా, ట్రేదా (కంపెనీ పెట్టె లేకుండా విడిగా అమ్మేది) అని అడగండి. ట్రే అయితే కూలర్ రాదు, వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోవాలి. ‘జీఎస్టీ లేకుండా ఇస్తాం, 18 శాతం మిగులుతుంది’ అంటారు. బిల్లు లేని కార్డుకు సర్వీసు సెంటర్లో వారంటీ అడగలేరు. బిల్లు మీద సీరియల్ నంబర్, పెట్టె మీద సీరియల్ నంబర్, కార్డు మీద సీరియల్ నంబర్, మూడూ కౌంటర్ దగ్గరే సరిచూసుకుని, ఫోటో తీసుకుని బయటికి రండి.