అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎలా మెలగాలి?

గొంతు పెంచకూడదు, మర్యాద తప్పకూడదు అని ఎవరైనా చెబుతారు. నా లెక్కలో అంతకన్నా పెద్ద మర్యాద ఒకటుంది. ఏ కబురు పెట్టినా అది ఎప్పటిదో, ఎక్కడిదో, మీకెలా తెలిసిందో రాయాలి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. మేముండేది అదే ఊళ్ళో, మర్రిపాలెంలో. రోజంతా గుండెలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాం. రాత్రి పదకొండున్నరకి గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది: "గ్యాస్ లీకవుతోంది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని వెంటనే బయటపడండి." పెట్టింది మూడో అంతస్తు మాస్టారు. ఆయన మాటంటే అందరికీ గురి.

మా అమ్మకి ఆయాసం. నాలుగు అంతస్తులు మెట్ల మీద పట్టుకుని దింపి, బండెక్కించి, కంచరపాలెం మీదుగా బీచ్ రోడ్డుకి తీసుకుపోయాను. "లాక్‌డౌన్‌లో ఎక్కడికిరా?" అని దారంతా అడుగుతూనే ఉంది. ఏం చెప్పను? ఆర్కే బీచ్ దగ్గర దిగి ఫోన్ చూస్తే మెసేజ్ డిలీట్ చేసి ఉంది. ఎందుకు తీసేశారో తెలియక భయం ఇంకా పెరిగింది. మాస్టారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. అమ్మ రొప్పుతుంటే చూడలేకపోయాను.

ఆ మెసేజ్ పొద్దున వెంకటాపురం వాళ్ళ కోసం ఎవరో రాసిందట. ఫార్వర్డ్ చేస్తే మనకి కనిపించేది పంపిన టైమే, మొదట రాసిన టైం కాదు. మాస్టారు కావాలని చేయలేదు, నాకు తెలుసు. కానీ తప్పని తెలిశాక చప్పుడు లేకుండా తీసేయడం నాకిప్పటికీ మింగుడుపడదు. "అది పొద్దున్నది, కంగారుపడకండి" అని ఒక్క ముక్క రాసుంటే అప్పుడే ఇంటికి వచ్చేసేవాళ్ళం. మెసేజ్ తీసేస్తే సరిపోదు, చదివి బయల్దేరినవాళ్ళకి కబురందాలి.

ఇక ఆ గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు! లిఫ్ట్ పాడైందని ఎవరైనా పెడితే వాటి కిందే కప్పబడిపోతుంది. పార్కింగ్ గొడవైతే ఆ ఇద్దరూ తలుపు కొట్టి మాట్లాడుకోవచ్చు, అందరి ఫోన్లూ మోగించాలా?

మొన్న "రేపు నీళ్ళు రావు" అని ఒకరు ఫార్వర్డ్ చేశారు. అందరూ డ్రమ్ములు నింపుకున్నారు. తీరా చూస్తే అది పోయిన వారానిది. తేదీ రాయమంటే చాదస్తం అంటున్నారు. అననివ్వండి, నేను అడుగుతూనే ఉంటాను.